జీతం లెక్క మీ ఆవిడకు తెలుసా?

ఉత్తరం: నాకు 48 ఏళ్ళు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. నాన్న సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం కింద ఉద్యోగం నాకు వచ్చింది. 24 ఏళ్ళలో ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. ఇప్పటికీ అద్దె ఇల్లే. ఇంటి ఖర్చులకు నెలకు 22 వేలు ఇస్తాను, ఎలా సర్దుతుందో ఏమో గాని నా భార్య ఏనాడూ ఎక్కువ అడగలేదు. చీరలకు ఫాల్స్ కుట్టి తన ఖర్చులు తనే చూసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులంటూ పెళ్ళిళ్ళకు రావడం కూడా మానేసింది. పాపకు ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు, కంప్యూటర్ సైన్స్ కావాలంటే మేనేజ్‌మెంట్ కోటాయే దిక్కు. ఆ మాట వచ్చినప్పుడు నా భార్య ‘మీ నిజాయితీ తీసుకెళ్ళి కాలేజీలో కట్టండి’ అంది. రెండు వారాలుగా మా మధ్య మాటల్లేవు. మా బావమరిది ‘అడిగి తీసుకుంటే తప్పు గాని, పని అయ్యాక సంతోషంగా ఇచ్చేది తీసుకుంటే తప్పేంటి బావా’ అంటున్నాడు. మొన్న ఒక డాక్యుమెంట్ రైటర్ నా డ్రాయర్‌లో కవరు పెట్టి వెళ్ళాడు. విప్పలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. నాలుగేళ్ళ కిందట తమ్ముడి మొబైల్ షాపు కోసం నా పేరు మీద ఆరు లక్షల పర్సనల్ లోన్ తీశాను, నెలకు 14 వేలు దానికే పోతుంది. షాపు మూతపడింది, తమ్ముడు ఇప్పుడు సొంత కారు కిరాయికి తిప్పుకుంటున్నాడు, పర్వాలేదు. గొడవలెందుకని ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు, చేతికొచ్చేది 48 వేలే అన్నాను. పాప అడ్మిషన్ కోసం ఈ ఒక్క ఏడాది అలా సంతోషంగా ఇచ్చేవి తీసుకుంటే తప్పా?

సలహా: తప్పే. దీనికి ఇంతకన్నా పెద్ద జవాబు అక్కర్లేదు, మీకు తెలియనిదీ కాదు. పని సక్రమంగానే చేసినా, నోరు తెరిచి అడగకపోయినా, చేసిన పనికి, ఆ పని మీద వచ్చినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవడమే నేరమని అవినీతి నిరోధక చట్టం చెబుతోంది, 2018 సవరణలో ఆ మాట ఇంకా స్పష్టంగా రాశారు. శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ దాకా పడొచ్చు. లంచం పట్టుకోవడానికి ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) వాళ్ళు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపడం, వేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే గులాబీ రంగుకు తిరగడం మీ ఆఫీసుల్లో అందరికీ తెలిసిన సంగతే. ఆ నీళ్ళ సీసాకు సీలు వేసేటప్పుడు మీ 24 ఏళ్ళ చరిత్ర ఎవరూ అడగరు.

చట్టం పక్కన పెట్టండి. మీ కౌంటర్ ముందు నిలబడి ‘సంతోషంగా’ ఇచ్చేవాళ్ళ ముఖం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. స్టాంపు డ్యూటీ కట్టి, స్లాట్ బుక్ చేసుకుని, సాక్షులకు టిఫిన్ పెట్టించి, పొద్దున్నుంచి బల్ల మీద కూర్చున్న ముసలాయన చొక్కా లోపలి జేబులోంచి మడత పెట్టిన నోటు తీస్తున్నాడంటే అది సంతోషం అనుకుంటున్నారా? రేపు ఈసీకి (ఆస్తి లావాదేవీలు చూపే పత్రానికి) వస్తాను, సర్టిఫైడ్ కాపీకి వస్తాను, ఈ సారుతో చెడకూడదు అన్న భయం అది. మీ బావమరిదికి ఆ ముఖం తెలియదు, మీకు తెలుసు. ‘ఈ ఒక్క ఏడాది’ అన్న లెక్క కూడా నడవదు. ఆ కవరు మీ దగ్గర ఉండిపోయిందన్న కబురు ఈపాటికి బయట రైటర్ల బల్లల దగ్గర తిరుగుతూ ఉంటుంది. రేపు ఆఫీసు తెరవగానే ఆ డాక్యుమెంట్ రైటర్‌ని పిలిచి, పక్కన మరో ఉద్యోగి ఉండగా, విప్పకుండా తిరిగి ఇచ్చేయండి. ఇక్కడితో మీ ప్రశ్న అయిపోయింది.

ఇప్పుడు మీరు అడగని సంగతికి వస్తాను, నాకు మీ ఉత్తరంలో మనసు కలుక్కుమన్నది అక్కడే.

మీరు లోన్ గురించి ఆఖర్లో, పోతూ పోతూ రాశారు. నేను మాత్రం ఉత్తరాన్ని అక్కడి నుంచి వెనక్కి చదివాను. చేతికి రావాల్సింది 62 వేలు. ఇంట్లో చెప్పింది 48 వేలు. నాలుగేళ్ళుగా నెలకు 14 వేల చొప్పున ఆరు లక్షల డెబ్బై రెండు వేలు మీ ఆవిడకు తెలియకుండా వెళ్ళిపోయాయి. ఆ నాలుగేళ్ళూ ఆమె ఏమనుకుంటూ ఉంటుంది? తోటి ఉద్యోగుల భార్యలు ఎలా ఉన్నారో చూస్తుంది, తన ఇంట్లో డబ్బాలు నెలాఖరుకు ఎలా ఖాళీ అవుతున్నాయో చూస్తుంది, మా ఆయన చేయి చాపడు కాబట్టి మాకింతే అని సరిపెట్టుకుంటుంది. ఇంట్లో లోటుకు కారణం మీ నిజాయితీ అని ఆమె నమ్ముతోంది. అలా నమ్మేలా చేసింది మీరే. ఆ లోటులో పెద్ద ముక్క మీ తమ్ముడి అప్పు. మీరు దాచిన దానికి నింద మీ నిజాయితీ మోసింది, చివరికి ఒకరోజు ఆమె నోటి వెంట ఆ మాట రానే వచ్చింది, మీరు అలిగి కూర్చున్నారు.

ఆ మాట నాకూ నచ్చలేదు. కానీ అందులో దురాశ కనబడటం లేదు. 22 వేలతో ఇంటిల్లిపాది తిండీ, గ్యాసూ, కరెంటూ, పాలూ, మందులూ, వచ్చేపోయే చుట్టాలూ, అన్నీ లాక్కొచ్చిన మనిషి ఆమె. ‘ఎలా సర్దుతుందో ఏమో’ అని మీరు మెచ్చుకోలుగా రాశారు. నాకైతే అది చదివి బాధేసింది. ఎలా సర్దుతుందో ఎందుకు తెలియదండీ మీకు? ఒకే ఇంట్లో కదా ఉంటున్నారు? చీరకు ఫాల్ కుట్టడం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? రెండున్నర మీటర్ల పొడవున, పైకి దారం కనబడకుండా ఒక్కో పోగే పట్టుకుంటూ చేత్తో కుట్టాలి. పట్టుచీరైతే సూది లాగిందంటే నష్టపరిహారం కట్టుకోవాల్సి వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి కుట్టాలి. మధ్యాహ్నం నడుం వాల్చాల్సిన వేళ కిటికీ వెలుగులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ పెళ్ళి చీరలు ఒళ్ళో వేసుకుని కుడుతోంది, అవే పెళ్ళిళ్ళకు పిలుపు వస్తే మోకాళ్ళ నొప్పులని ఆగిపోతోంది. నిజంగా నొప్పులే అయితే డాక్టరుకు చూపించండి. కాకపోతే, కట్టుకున్న చీరే మళ్ళీ కట్టుకెళ్ళలేకో, చదివింపులకు చేతిలో డబ్బు లేకో ఆగిపోతోందని మీకు తోచలేదా?

పొదుపుగా బతకడం అంటే నాకు చాలా గౌరవం. వచ్చింది ఇంత, పోయేది ఇంత, మనకిది చాలు అని భార్యాభర్తలు కూర్చుని అనుకున్న ఇంట్లో పప్పుచారు తిన్నా తలెత్తుకునే తింటారు, పిల్లలు కూడా అడిగేముందు ఆలోచిస్తారు. లెక్క ఒకరి జేబులో ఉండి, కోత ఇంకొకరి కంచంలో పడితే దాన్ని పొదుపు అనలేను. ఆఫీసులో ఒక్క తప్పుడు సంతకం పెట్టని మనిషి ఇంట్లో నాలుగేళ్ళు తప్పుడు అంకె చెప్పారు. ఈ రెండో దాన్ని మీరు అబద్ధాల లెక్కలో వేసినట్టే లేదు, ‘గొడవలెందుకని’ అన్న ఒక్క మాటతో దాటేశారు. నాకు మాత్రం రెండూ ఒకటే.

తమ్ముడికి సాయం చేయడం తప్పు అనడం లేదు. నాన్న పోయాక వచ్చిన ఉద్యోగం మీకే దక్కింది, వాడికేమీ రాలేదు అన్న బరువు మీ మీద ఉంది, మీరు రాయకపోయినా ఆ మొదటి వాక్యాల్లోనే నాకు తెలిసింది. కారుణ్య నియామకం దొరికిన ఇళ్ళలో ఈ బరువు మోసే అన్నలు చాలామంది ఉంటారు. మంచి మనిషి కాబట్టే మోస్తున్నారు. అయితే ఆ బరువులో సగం మీ ఆవిడ భుజం మీద పెట్టి, అదేమిటో కూడా ఆమెకు చెప్పలేదు. అడిగితే ఒప్పుకోదనుకున్నారు. ఒప్పుకునేదేమో, ఆరు లక్షలు కాదు మూడు అనేదేమో, షాపు పెట్టే ముందు చోటు చూసుకోమనేదేమో. ఆ అవకాశమే ఆమెకు ఇవ్వలేదు.

ఇక చేయాల్సింది. ఈ ఆదివారం దాటకుండా, పాప ఇంట్లో లేని వేళ చూసుకుని, పే స్లిప్, బ్యాంకు పాసుబుక్, లోన్ స్టేట్‌మెంట్ మూడూ ఆమె ముందు పెట్టండి. మొదటి మాట లోన్ గురించే చెప్పండి, కాలేజీ గురించి కాదు. నాన్న ఉద్యోగం కథ ముందుగా ఎత్తుకోకండి, అది సంజాయిషీలా వినబడుతుంది, ఆమె అడిగితే అప్పుడు చెప్పండి. ఆమెకు కోపం వస్తుంది. రావాలి కూడా. ‘నువ్వు అన్న మాట మాత్రం తక్కువా’ అని ఎదురు తిరగకండి. మీ వాళ్ళ కోసం నా నోరు కట్టేశారని ఏడ్చినా, రెండు రోజులు మాట్లాడకపోయినా భరించండి. మీరు మాత్రం మళ్ళీ మౌనవ్రతం పట్టకండి, అలిగే హక్కు ఈసారి ఆమెది. వచ్చే నెల నుంచి జీతం పడ్డ మెసేజ్ ఇద్దరూ కలిసే చూడండి.

తమ్ముడు పర్వాలేదని మీరే రాశారు. ఇంకా ఏడాది వాయిదాలు మిగిలి ఉన్నట్టున్నాయి. నెలకు ఏడు వేలైనా నువ్వు కట్టాలిరా అని అడగండి, పాప చదువు ఖర్చు వచ్చిపడిందని చెప్పండి. అన్నగా అడగడానికి మొహమాటం దేనికి?

పాప విషయానికొస్తే, అసలు ఆమె ఏం చదవాలనుకుంటోందో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, ముందు అది అడగండి. ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటా సీట్లు 70 శాతం ఉంటాయి, కంప్యూటర్స్ ఒక్కటే పట్టుకోకుండా మిగతా బ్రాంచీలు, కొంచెం దూరపు కాలేజీలు కూడా ఆప్షన్లలో పెట్టి చూడండి. ఇంజినీరింగే కావాలని లేకపోతే డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ విధానం దోస్త్ ద్వారా మంచి కాలేజీ చూసుకోవచ్చు. మీరు 2004 సెప్టెంబరుకు ముందే చేరారు కాబట్టి పాత పెన్షనే, జీపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఉంటుంది, పిల్లల పైచదువుకు అందులోంచి తీసుకునే వీలుంది, ప్రభుత్వ జీవిత బీమా మీద కూడా లోన్ వస్తుంది. విద్యాలక్ష్మి పోర్టల్‌లో చదువు లోన్‌కు దరఖాస్తు పెట్టండి, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగని పథకాలున్నాయి. మేనేజ్‌మెంట్ సీటుకు ఇస్తారా అన్నది మాత్రం కాలేజీలో డబ్బు కట్టకముందే బ్యాంకులో తేల్చుకోండి. తమ్ముడి అప్పు తీరాక ఆ 14 వేలు దీనికి మళ్ళుతాయి. ఈ లెక్కంతా మీరొక్కరే కాగితం మీద వేసి చూపించకండి, 22 వేలతో ఇల్లు నడిపిన మనిషికి మీకన్నా బాగా వచ్చు లెక్కలు, ఆమెతోనే వేయించండి. పాపనూ పక్కన కూర్చోబెట్టుకోండి, పద్దెనిమిదేళ్ళ పిల్లకు తన చదువుకు ఎంతవుతుందో తెలియాలి.

అంతా విన్నాక కూడా మీ ఆవిడ ‘ఇచ్చేవి తీసుకుంటే పోయేది కదా’ అంటుందేమోనని మీ భయం కావచ్చు. అన్నా సరే, తీసుకోనని చెప్పండి, మెత్తగా, గట్టిగా. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి మీకు మొహం చెల్లుతుంది, ఎందుకంటే ఇంట్లో దాచింది ఏమీ ఉండదు. నాకైతే ఆమె అలా అంటుందని అనిపించడం లేదు. అనే మనిషైతే ఈ 24 ఏళ్ళలో ఎప్పుడో అనేది, ఊరివాళ్ళ చీరలు కుట్టుకుంటూ కూర్చునేది కాదు.

తమ్ముడికి ఫోన్ మాత్రం ఆమె పక్కన ఉండగానే చేయండి, స్పీకర్ ఆన్ చేసి.