సమాధానం: క్రీమ్ కాగితానికి మార్చాక కవర్ తిరస్కరించారు

అమెజాన్ స్వీయ ప్రచురణ సేవ కేడీపీ మీ 320 పేజీల సైఫై నవల కవర్‌ను తిప్పి పంపడానికి కారణం వెన్ను (పుస్తకం మందం కనిపించే, బైండింగ్ వైపు అంచు) వెడల్పే. తెల్ల కాగితానికి పేజీకి 0.002252 అంగుళాలు, క్రీమ్‌కి 0.0025. అంటే వెన్ను 0.72 నుంచి 0.8కి పెరిగింది, మీ ఫైలు మాత్రం పాత కొలతలోనే ఉంది. 6×9 సైజుకి, చుట్టూ 0.125 బ్లీడ్‌తో (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపి, ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట అన్నీ ఉన్న కవర్ 13.05×9.25 అంగుళాలు రావాలి. వెన్ను మీది అక్షరాలకు రెండు పక్కలా కనీసం 0.0625 వదలండి.

గ్రహాల పటం, పదకోశం ఇంకా చేర్చాలన్నారు కదా, దయచేసి ముందు అవి పెట్టేయండి. పేజీల సంఖ్య ఖరారయ్యాకే కవర్ ముట్టుకోండి. 300 పేజీలు దాటాయి కాబట్టి లోపలి మార్జిన్ 0.5 చాలదు, 0.625 ఉండాలి. పటాన్ని రెండు పేజీల మీద పరచకండి, ఎంత అందంగా గీసినా నడిమి భాగం బైండింగ్‌లో మునిగిపోతుంది.