ఇంట్లో లేత్ ఉంటే ఇంటి పనులకు ఎలా వాడుకోవచ్చు?

షెడ్డు ఎత్తేసి చిన్న లేత్‌ని (తరిమెన పట్టే యంత్రాన్ని) ఇంటికి తెచ్చుకున్నారు, ఊరికే పడి ఉంది, ఏం చేయొచ్చని అడిగారు కదా. మాది పర్లాకిమిడి, మా పెరటి సావిట్లోనూ ఒకటుంది. మోటారు ఆపేసి చక్‌ని (వస్తువుని బిగించి తిప్పే భాగాన్ని) చేత్తో తిప్పుకునే పనులే మా ఇంట్లో ఎక్కువ అక్కరకొచ్చాయి.

ముఖ్యంగా స్ప్రింగులు. పాత తలుపు గడియకో, టార్చికో సరిపోయే స్ప్రింగు బజారులో దొరకదు. సన్నటి కమ్మీకి కంత వేసి చక్‌లో పట్టి, స్ప్రింగు తీగ కొస అందులో దూర్చండి. టూల్‌పోస్టులో (కోసే పనిముట్టు బిగించే చోట) రెండు గట్టి చెక్కముక్కలు బిగించి, తీగ వాటి మధ్య నుంచి బిర్రుగా వచ్చేలా చూడండి. మరలు కోసే గేరు కలిపి తిప్పితే చుట్టుకీ చుట్టుకీ ఎడం సమానంగా పడుతుంది. వదలగానే స్ప్రింగు విచ్చుకుంటుంది, అందుకని కావలసిన లోపలి కొలత కంటే కమ్మీ సన్నగా ఉండాలి. ఎంత సన్నమో తీగని బట్టి మారుతుంది, ముందు తుక్కు తీగతో చూసుకోండి. తెంపే ముందు చక్‌ని మెల్లగా వెనక్కి తిప్పి బిగువు వదిలించాలి. లేదంటే కొస మొహం మీదికి లేస్తుంది.

కుళాయి వాషర్లకి రబ్బరు షీటుని రెండు చెక్క బిళ్లల మధ్య పెట్టి టెయిల్‌స్టాక్‌తో (చక్‌కి ఎదురుగా ఉండే, జరిపే భాగంతో) నొక్కి, సబ్బునీళ్లు రాస్తూ సన్న బ్లేడుతో కోయండి.

చేతిపని మీద మనసుంటే ఏటికొప్పాక లక్క బొమ్మల పద్ధతి పట్టుకోండి (ఆ బొమ్మలకి 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది). దీనికి మోటారు కావాలి. బాగా ఆరిన అంకుడు కర్రని నున్నగా తరిమెన పట్టి, అది తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకు ఒత్తితే మెరుపు వస్తుంది. కుంకుమ భరిణెలకి బాగుంటుంది. అప్పడాల కర్రకి మాత్రం వట్టి చెక్కే మేలు. మా ఊళ్లో పేరున్న కొమ్ము పని కూడా చేయొచ్చు గానీ, కాలిన వెంట్రుకల కంపుకి ఇంట్లోవాళ్లు ఊరుకోరు.

ఇత్తడి కుందులు చక్‌లో పట్టి గుడ్డతో తోమొద్దు. గుడ్డ చుట్టుకుంటే వేళ్లనీ లాగేస్తుంది. చేతి తొడుగులూ, భుజాన తువ్వాలూ అంతే. కవ్వం పట్టి మజ్జిగ చిలకొచ్చా అని మా బావ అడిగాడు. ఇనుప రజను తాగాలనుంటే చిలుక్కోమన్నాను.

చెక్క పని అయ్యాక పొట్టంతా ఊడ్చి బెడ్‌కి (లేత్ కింది పట్టాలకి) నూనె రాయండి. పొట్టు తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది, మన వైపు వానాకాలంలో మరీను.