ఇంత పన్ను కడుతున్నాం, బడి ఎందుకు మూస్తున్నారు?

(విదేశాల్లో మన పిల్లల చదువుల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఇస్తున్నది గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ప్రస్తుతం డాలస్ దగ్గర కూతురింట్లో ఉంటున్న టీచరమ్మ.)

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఇర్వింగ్ అడ్రసుతో ఇల్లు కొన్నాడు. స్కూళ్లు మాత్రం కాపెల్ వాళ్లవట. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చూపించాడు, అందులో అన్నిటికన్నా పెద్ద పద్దు స్కూలుదే. ఇళ్ల ధరలు చూస్తే ఆకాశంలో ఉన్నాయి. అయినా డబ్బు చాలక అక్కడ ఒక ఎలిమెంటరీ స్కూలు మూసేశారట. ఆ సొమ్మంతా ఎటు పోతోందండీ? ఎవరైనా తింటున్నారా?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: బ్యాంకులో చేసినవారు కాబట్టి పద్దులతోనే చెబుతాను. ఎవరూ తినడం లేదండీ. ఆ సొమ్ము వసూలు చేసేది కాపెల్, ఎంత వాడుకోవాలో చెప్పేది ఆస్టిన్‌లో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం. తిరకాసంతా అక్కడుంది.

ముందు అడ్రసు సంగతి. టెక్సస్‌లో ఊరి పాలన వేరు, బడుల పాలన వేరు. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే సొంత సరిహద్దులు, సొంత ఎన్నికలు, పన్ను వేసే అధికారం ఉన్న విడి ప్రభుత్వం. మేయరుకు దానిమీద పెత్తనం లేదు. ఒక్క ఇర్వింగ్ ఊరే ఇర్వింగ్, కాపెల్, కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ అనే మూడు డిస్ట్రిక్టుల కిందికి వస్తుంది. వ్యాలీ రాంచ్ వైపు కొన్నవాళ్లు కాపెల్ లెక్క. మన జిల్లా అంత ఊహించుకోకండి. కాపెల్ బడులన్నిటిలో కలిపి పిల్లలు 13 వేల దరిదాపులో ఉంటారు. పక్కనున్న డాలస్ డిస్ట్రిక్టులో లక్ష దాటతారు.

దీన్ని నడిపేది ఓటర్లు ఎన్నుకున్న ఏడుగురు ట్రస్టీలు. వాళ్లకు జీతం ఇవ్వకూడదని చట్టమే చెబుతుంది. వాళ్లు బడులన్నిటికీ పై అధికారిగా సూపరింటెండెంట్‌ను పెట్టుకుంటారు, బడ్జెట్‌కు, పన్ను రేటుకు ఓటేస్తారు. టీచర్లను కూడా ఆ డిస్ట్రిక్టే నేరుగా తీసుకుంటుంది. డీఎస్సీలు, ట్రెజరీ జీతాలు, బదిలీల కౌన్సెలింగులు చూసిన నాకు ఇది అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది.

ఇక డబ్బు. మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు ఉంటుంది కదా, మీరు గమనించే ఉంటారు. ఇక్కడ బడి పన్ను అలా తోకలాగా రాదు, బిల్లులో తలకాయే అది. ఒక ఉదాహరణ వేద్దాం. ఇంటి విలువ 5 లక్షల డాలర్లు. సొంతంగా ఉంటున్న ఇల్లయితే బడి పన్నుకు 1,40,000 మినహాయిస్తారు (2025 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్న అంకె ఇది, అంతకుముందు లక్ష). మిగిలిన 3,60,000 మీద, వందకు ఒక డాలరు రేటు అనుకుంటే, 3,600 డాలర్లు.

ఆ రేటు రెండు ముక్కలు. ఒకటి జీతాలు, కరెంటు, బస్సుల లాంటి రోజువారీ నిర్వహణకు. దాన్ని ఎం అండ్ ఓ అంటారు. రెండోది బాండ్ల అప్పు తీర్చడానికి. అది ఐ అండ్ ఎస్. మీ ప్రశ్నకు జవాబు మొదటి ముక్కలో ఉంది.

రాష్ట్రం ప్రతి డిస్ట్రిక్టుకూ ఒక లెక్క కడుతుంది: ఇంతమంది పిల్లలు రోజూ వస్తున్నారు, తలకు ఇంత, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, పేద పిల్లలకు ఇంకొంచెం. ఆ లెక్క వంద వచ్చిందనుకోండి. స్థానిక పన్ను 60 వస్తే రాష్ట్రం 40 కలుపుతుంది. ఇళ్ల ధరలు పెరిగి పన్ను 80 వస్తే రాష్ట్రం 20తో సరిపెడుతుంది. 120 వస్తే పై 20 రాష్ట్రమే తీసుకుంటుంది. మూడుసార్లూ బడికి మిగిలింది వందే. మీ అబ్బాయి ఇంటి విలువ పెరిగినంత మాత్రాన మీ మనవడి క్లాసుకు ఒక్క పెన్సిలు కూడా అదనంగా రాదు.

ఉన్నచోట పైది లాక్కుని లేనిచోట పంచే ఆ పద్ధతిని ఇక్కడి జనం రాబిన్‌హుడ్ అంటారు. కాపెల్ కూడా అలా పంపిన డిస్ట్రిక్టే. ఇక్కడి మనవాళ్లు దాన్ని తిట్టని పార్టీ లేదు. నేను మాత్రం తిట్టను. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్టు వేసిన కేసులో 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు బడులకు అప్పటి నిధుల పద్ధతి చెల్లదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అప్పటికి బాగా డబ్బున్న డిస్ట్రిక్టులో ఒక్కో పిల్లవాడి లెక్కకు పన్ను వేసే ఆస్తి 1 కోటి 40 లక్షల డాలర్లుంటే, అడుగునున్న దాంట్లో 20 వేలు. ఆ తేడా చూశాకే 1993లో ఈ చట్టం తెచ్చారు. పంచడం తప్పు కాదు. నాకు కోపం వచ్చేది ఇంకోచోట. తలకు ఇచ్చే కనీస మొత్తాన్ని 2019లో 6,160 డాలర్లు చేశారు. తర్వాత కోవిడ్ వచ్చింది, ధరలు ఎలా పెరిగాయో కిరాణా కొట్టుకెళ్లిన వాళ్లందరికీ తెలుసు. ఆ అంకె మాత్రం 2025 దాకా కదల్లేదు. కదిలినప్పుడు పెరిగింది 55 డాలర్లు. అదే ఏడాది టీచర్ల జీతాలకు విడిగా మంచి మొత్తమే ఇచ్చారు, కాదనను. ఐదేళ్లు దాటిన టీచరుకు ఏడాదికి 5 వేలు, పిల్లలు 5 వేలకు మించని చిన్న డిస్ట్రిక్టుల్లో 8 వేలు. కానీ అది జీతాలకే వాడాలి, కరెంటు బిల్లుకు మళ్లించడానికి వీల్లేదు.

దీనికి తోడు పిల్లలు తగ్గుతున్నారు. కాపెల్‌లో కొత్తగా ఇళ్లు కట్టడానికి ఖాళీ నేల పెద్దగా లేదు. ఉన్న ఇళ్లు చిన్నపిల్లలున్న జంటలు కొనగలిగే ధరలో లేవు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినా తల్లిదండ్రులు అదే ఇంట్లో ఉంటారు. తలల లెక్క తగ్గితే డబ్బు తగ్గుతుంది. బడికి మాత్రం పిల్లలు ఎందరున్నా ఒక ప్రిన్సిపాల్, ఒక నర్సు, ఒక ఆఫీసు, ఒక వంటగది తప్పవు. అందుకే 2024 డిసెంబరులో పింకర్టన్ ఎలిమెంటరీని మూయాలని ట్రస్టీలు ఓటేశారు. అదొక్కటే కాదు, లూయిస్‌విల్, ప్లేనో డిస్ట్రిక్టులు కూడా అదే దారి పట్టాయి.

మీ అబ్బాయి ఈపాటికి అడిగే ఉంటాడు, జీతాలకు లేని డబ్బు ఆటస్థలాలకు ఎక్కడిదని. అది రెండో ముక్క. బాండు డబ్బు భవనాలకు, బస్సులకు, కంప్యూటర్లకు వాడాలే తప్ప జీతాలకు వాడకూడదు. పైగా ఐ అండ్ ఎస్ పన్ను రాబిన్‌హుడ్ చేతికి చిక్కదు. అందుకే డబ్బున్న డిస్ట్రిక్టులకు ఇటుకల మీద మహా ప్రేమ. మన వాళ్లు బట్టలు కొనడానికి వెళ్లే ఆలెన్ ఊళ్లో హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్ కోసం 6 కోట్ల డాలర్లతో 18 వేలమంది పట్టే స్టేడియం కట్టారు. 2012లో తెరిచారు, కాంక్రీటు పగుళ్లిచ్చి 2014లో కొన్నాళ్లు మూసుకున్నారు. జిల్లా పరిషత్ బడిలో కిటికీ రెక్క కోసం ఉత్తరాలు రాసిన దాన్ని, ఆ స్టేడియం ముందునుంచి కారు వెళ్లినప్పుడల్లా చూపు తిప్పుకుంటాను.

ప్రశ్న: ఇల్లు వెతుకుతున్నాం. మా వారు 'ఏ' రేటింగ్ ఉన్న డిస్ట్రిక్టు తప్ప వద్దంటున్నారు. ఆ గ్రేడును ఎంతవరకు నమ్మాలి?
- ఒక గృహిణి, ఫ్రిస్కో

జవాబు: ఆ అక్షరం ఎలా తయారవుతుందో మీ వారికి చెప్పండమ్మా. స్టార్ అనే రాష్ట్ర పరీక్ష ఒకటుంది, మూడో క్లాసు నుంచి రాస్తారు. పిల్లలు ఎంత బాగా రాశారు అన్నది ఒక మార్కు. నిరుటికంటే ఎంత ఎదిగారు, తమలాంటి పేదరికం ఉన్న బడులతో పోలిస్తే ఎలా ఉన్నారు అన్నది ఇంకో మార్కు. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం. వెనకబడ్డ వర్గాల పిల్లల తేడాలు ఎంత తగ్గించారన్నదానికి 30 శాతం. అన్నీ కలిపి ఒక అక్షరం. అందులో టీచరు పనితనం ఎంత, ఇంట్లో అమ్మానాన్నల డిగ్రీలెంత, కుమాన్ లాంటి ట్యూషన్ల ఫీజులెంత అన్నది విడదీసి చెప్పేవాళ్లు లేరు. మధ్యలో కోర్టు కేసుల వల్ల 2023 గ్రేడ్లు 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు. పాత అక్షరం చూసి ఇల్లు కొన్నవాళ్లూ ఉన్నారు. స్టార్ స్థానంలో 2027-28 నుంచి మూడు చిన్న పరీక్షలు పెడతామంటున్నారు, అప్పుడు పాత గ్రేడుతో పోల్చడమూ కష్టమే.

నేనైతే రాష్ట్ర విద్యాశాఖ బడుల వివరాలతో ఏటా పెట్టే టాపర్ (TAPR) నివేదిక తెరుస్తాను. మూడో క్లాసు చదవడంలో 'మీట్స్', అంటే ఆ క్లాసుకు తగ్గ స్థాయి, దాటినవాళ్లు ఎందరో చూస్తాను. అంతకంటే ముఖ్యంగా టీచర్లు ఏటా ఎంతమంది మానేస్తున్నారు, సగటు అనుభవం ఎంత అని చూస్తాను. టీచర్లు నిలవని బడికి ఏ అక్షరం వచ్చినా నేను మనవరాలిని పంపను.

ప్రశ్న: చెల్లి పెళ్లి. డిసెంబరు మొదట్లోనే పిల్లల్ని ఇండియా తీసుకొచ్చి సంక్రాంతి దాకా ఉంచాలని ప్లాన్. స్కూలు వాళ్లు ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, ఇర్వింగ్

జవాబు: పెళ్లికి రమ్మనే చెబుతాను, సంక్రాంతి దాకా మాత్రం వద్దమ్మా. ఇక్కడ డబ్బు రిజిస్టర్లో ఉన్న పేరుకు రాదు, హాజరుకు వస్తుంది. తలకు ఇచ్చే కనీస మొత్తం 6,215 డాలర్లను బడి రోజులతో భాగించి చూడండి, పిల్లవాడు రాని ప్రతి రోజుకూ 35 డాలర్ల చిల్లర పోతుంది. ఒక్కరికి అది పెద్ద మొత్తం కాదు. మన వాళ్లు ఎక్కువగా ఉన్న బడిలో డిసెంబరులో సగం క్లాసు హైదరాబాదు విమానం ఎక్కితే అది ఒక అసిస్టెంటు జీతం.

మీకు నేరుగా తగిలేది వేరే. ఏ క్లాసుకైనా క్రెడిట్ రావాలంటే 90 శాతం రోజులు హాజరుండాలన్నది చట్టం. కారణం ఒప్పుకోని గైర్హాజరు ఆరు నెలల్లో పది రోజులైతే వ్యవహారం కోర్టు దాకా వెళ్లొచ్చు. కొన్నిచోట్ల పేరు తీసేసి, తిరిగొచ్చాక మళ్లీ చేర్చుకుంటారు. శీతకాలం సెలవులకు ఇటు మూడు, అటు రెండు రోజులు కలుపుకుని, ముందే ప్రిన్సిపాల్‌కు మెయిల్ పెట్టండి. జ్వరమని అబద్ధం రాయకండి. పెళ్లి ఫొటోలు టీచరుకు ముందు చూపించేది మీ పిల్లలే.

ప్రశ్న: మాది హెచ్‌1బి. పన్ను కడతాం, ఓటు లేదు. మా మాట వినేదెవరు?
- ఒక తండ్రి, కాపెల్

జవాబు: ఓటు పౌరులకే, ట్రస్టీగా నిలబడటమూ అంతే. మాట్లాడటానికి మాత్రం పౌరసత్వం అడగరు బాబూ. ట్రస్టీల మీటింగులు బహిరంగంగా జరగాలి, ఎజెండా ముందే పెట్టాలి, ఎజెండాలో ఉన్న అంశం మీద జనం మాట్లాడనివ్వాలి. ఇది 2019 నుంచి రాష్ట్ర చట్టంలోనే ఉంది. పేరు రాసుకోవాలి, సాధారణంగా రెండు మూడు నిమిషాలిస్తారు.

ఒకచోట నేను వెనక వరసలో కూర్చుని ఉండగా మన కుర్రాడొకడు ఆఫీసు బ్యాడ్జీ మెడలోనే ఉంచుకుని లేచాడు. బస్సు రూటు తీసేయడం గురించి బాగానే చెప్పాడు. ఎదురుగా ఏడుగురూ విన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. ఎజెండాలో లేని విషయం మీద వాళ్లు చర్చించడానికి చట్టం ఒప్పుకోదని అతనికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి ముందు ట్రస్టీలకు, సూపరింటెండెంట్‌కు మెయిల్ రాయండి, అంశాన్ని ఎజెండాలోకి తెప్పించండి, తర్వాత మైకు పట్టుకోండి. వేసవిలో బడ్జెట్, పన్ను రేటు మీద బహిరంగ విచారణ ఉంటుంది. ఆ రోజు కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉంటాయి, వెళ్లినవాళ్ల మాట బాగా వినిపిస్తుంది.

మీ వీధిలో సిటిజన్‌షిప్ వచ్చిన తెలుగువాళ్లు ఎందరున్నారో కూడా లెక్కవేయండి. ఇక్కడ ట్రస్టీల ఎన్నిక చాలాచోట్ల మే మొదటి శనివారం. ఆ రోజు ఓటేసేవాళ్లు చాలా తక్కువ, కొద్ది వందల ఓట్లతో ఫలితం తారుమారవుతుంది. నమోదు 30 రోజుల ముందే అయిపోవాలి, అంటే ఏప్రిల్ మొదటి వారం లోపల. ఉగాది కార్యక్రమంలో ఒక బల్ల వేసి ఆ ఫారాలు పెట్టమని మీ అసోసియేషన్ వాళ్లకు చెప్పి చూడండి.