మీ నాన్న మాత్రం అణువులు కాదా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్ల క్రితం ఊళ్లో స్థలం నాన్న కావాలనే తమ్ముడి పేర రాసేశారు. తమ్ముడు అక్కడే ఉండి వాళ్లను చూసుకుంటున్నాడు. ఆ రోజు అందరి ముందూ నాన్నని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. మళ్లీ మాట్లాడలేదు. ప్రతి పండక్కీ ఫోన్ చేద్దామని నంబరు తీస్తాను, ఆగిపోతాను. ఈ మధ్య మెదడు ప్రయోగాల గురించి చదివాను. మనిషంటే అణువులే అయితే, ఆ మాటలు అనకుండా ఉండటం నా చేతుల్లో ఉందా? తప్పు నాదెలా అవుతుంది?

జవాబు: ముందు ఆ ప్రయోగాల సంగతి. మీరు చదివింది 1983లో అమెరికాలో మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ బృందం చేసిందే అయ్యుంటుంది. మణికట్టు కదపాలన్న కోరిక మనిషికి తెలియడానికి సుమారు 350 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ కదలిక మొదలైంది. నిజమే. దాన్నిబట్టి మనకు తెలియకముందే మెదడు నిర్ణయించేస్తుందని కొందరంటారు. కానీ అక్కడ చూసింది చెయ్యి ఎప్పుడు కదిపారని. కన్నతండ్రిని ఏమన్నారని కాదు. ఆ కదలిక నిర్ణయమే కాకపోవచ్చు, మెదడులో మామూలుగా ఉండే హెచ్చుతగ్గులే కావచ్చని 2012లో మరికొందరు శాస్త్రవేత్తలు వాదించారు. అణువుల్లోంచి స్వేచ్ఛ పుడుతుందా అన్నది తత్వవేత్తలే ఇంకా తేల్చలేదు. నేను తేల్చేదేముంది, వదిలేద్దాం.

నన్ను ఆపింది మీరు అలవోకగా రాసిన ‘కావాలనే’ అన్న మాట. తిట్టింది మీరైతే అణువుల పని, స్థలం రాసింది ఆయనైతే కావాలని చేసిన పని! ఒకే ఇంట్లో రెండు రకాల భౌతికశాస్త్రం ఎలా కుదురుతుందండీ? ఆయన చేతుల్లో ఉంటే మీ చేతుల్లోనూ ఉంది. మీ చేతుల్లో లేకపోతే ఆయన మీద నాలుగేళ్ల కోపం దేనికి?

స్థలం విషయంలో మీకు అన్యాయమే జరిగి ఉండొచ్చు. పెద్దకొడుకుగా అడగండి, గట్టిగానే అడగండి. దగ్గరుండి చూసుకుంటున్న తమ్ముడి సంగతి కూడా ఆ లెక్కలో వెయ్యండి. కానీ నలుగురి ముందు తండ్రిని తూలనాడటం ఆస్తి లెక్కలోకి రాదు. నేను పాతకాలం మనిషిని, ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిందే అంటాను. స్థలం ఇచ్చినా, ఇవ్వకపోయినా.

ఇంకో సంగతి. మెదడులో ముందే మొదలైన పనిని కూడా చివరి క్షణంలో ఆపుకోగలమని లిబెట్ నమ్మాడు. మీకు ఆ శక్తి బాగానే ఉంది. ప్రతి పండక్కీ నంబరు దాకా వెళ్లి ఆపేస్తున్నది మీరే కదా. ఈసారి ఆపకండి. ఫోన్ అమ్మ ఎత్తితే, నాన్నకివ్వమనండి.