పచ్చి వేప పంగతో గిన్నె చేస్తే పగలకుండా ఉంటుందా?

అనంతపురంలో కొట్టేసిన వేపమాను పంగతో లేత్ (కట్టెను గిర్రున తిప్పి తొలిచే యంత్రం) మీద గిన్నె చేస్తే వారానికే నెర్రెలిచ్చిందనీ, వేప ఈ పనికి రాదా అనీ అడిగారు. తప్పు వేపది కాదు, మన గాలిది. సీమ ఎండలకు పచ్చి కట్టె పైపొర గంటల్లో ఆరుతుంది, లోపల నీళ్లు అట్లే ఉంటాయి. పైది ముడుచుకోబోతే లోపలిది కదలనివ్వదు. అక్కడే చీలుతుంది. చలి దేశాల వీడియోలు చూసి గిన్నెను ఊరికే అలమారలో పెట్టేవాళ్లందరికీ ఇదే గతి.

పంగది ఇంకో చిక్కు. రెండు కొమ్మల నారలు అల్లుకునే చోటే నెమలీక లాంటి చారలు పడతాయి, అక్కడే కట్టె తలా ఒక దిక్కుకు లాగుతుంది. అందుకే కోతలోనే సగం పని ఉంది. మాను బెండు (నట్టనడుమ ఉండే మెత్తటి భాగం), రెండు కొమ్మల బెండ్లు ఒకే కోతలో పడేలా నిలువుగా రెండు చెక్కలు చేయించండి. సామిల్లువాళ్లకు పంగ అంటే పొయ్యికట్టె, అడ్డదిడ్డంగా కోసేస్తారు. సుద్దతో గీత మీరే గీసి, పక్కనే నిలబడండి.

కోసిన ముఖం మీద బెండు మొత్తం పోయేదాకా చెక్కి, ఆ వైపును గిన్నెకు అడుగు చేయండి. నోరు బెరడు వైపుండాలి. తిరగేస్తే అందమైన చారలన్నీ తొలిచేటప్పుడు పొట్టులో పోతాయి. పంగ సందులో బెరడు ఇరుక్కుని ఉంటే అంతమేరా కోసి పారేయండి, తిరిగేటప్పుడు ఊడి మొహానికి తగులుతుంది. 10 అంగుళాల మొద్దును 500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) లోపే మొదలుపెట్టాలి.

గిన్నెను రెండు దఫాల్లో తొలచాలి, పచ్చిగా ఒకసారి, ఆరాక ఒకసారి. మొదటి దఫాలో గోడ మందం వెడల్పులో పదో వంతు ఉంచాలి. 10 అంగుళాలకు అంగుళం, పంగకైతే ఇంకో పావు అంగుళం ఎక్కువ. అడుగు కూడా అంతే మందం ఉండాలి. అడుగు లావుగా వదిలేయడమే చాలామంది చేసే పొరపాటు, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. మధ్యలో అన్నానికి లేచినా తడి గోనెపట్టా కప్పి పోండి.

చక్ (లేత్‌లో గిన్నెను పట్టి ఉంచే భాగం) నుంచి దింపిన వెంటనే బయటంతా, అంచుతో సహా, కరిగించిన కొవ్వొత్తి మైనం పూయండి. తర్వాత దాని పచ్చి పొట్టులోనే పూడ్చి, కాగితం సంచిలో పెట్టి, ఫ్యాన్ తగలని గదిలో నేల మీద ఉంచండి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. వారానికోసారి గిన్నెను బయటకు తీసి తూకం వేసి, మైనం లేని లోపలి అడుగున పెన్సిల్‌తో రాయండి. వరుసగా మూడు నాలుగు వారాలు తూకం మారకపోతే ఆరినట్టు. ఇన్ని నెలలని ఎవరైనా లెక్క చెబితే నమ్మకండి, తూకాన్నే నమ్మండి. అప్పటికి గిన్నె కోలగా వంగి ఉంటుంది. ఆ వంకర తీయడానికే మొదట మందం ఉంచింది. రెండోసారి లేత్ ఎక్కించేటప్పుడు ఉలి పదునుగా, కోత పలచగా ఉండాలి. వేప నారలు ఎదురు తిరుగుతాయి, మొద్దు ఉలి పెడితే లేచిపోతాయి.

వేప దొరక్కపోతే తుమ్మ పంగ ఇంకా బాగుంటుంది. పచ్చి తుమ్మకు ఇనుము తగిలితే నల్ల మరకలు పడతాయి, నిమ్మరసం రుద్దితే పోతాయి. కడపవాళ్లు ఎర్రచందనం గురించి అడుగుతుంటారు. పర్మిట్ కాగితం లేని ముక్కను ఇంట్లోకే రానీయకండి.