‘కేసు వద్దు, ఖర్చంతా నాది’ అన్నాయన ఫోన్ ఎత్తడం లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బైకు ప్రమాదాలవే. అందుకని ఆస్తి తగాదాలు, అద్దె గొడవలు వచ్చే నెలకు వాయిదా వేశాను. రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు తీసేశాను.

*మేడమ్ గారూ, మా తమ్ముడికి 24 ఏళ్లు. బైకు మీద డెలివరీలు చేస్తాడు. రెండు నెలల కిందట ఒక కారు ఇండికేటర్ వెయ్యకుండా కుడివైపు తిరిగి వీణ్ణి గుద్దేసింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. కారాయన మంచిగానే మాట్లాడాడు. ‘కేసు వద్దు, ఖర్చంతా నాది’ అని 40 వేలు ఇచ్చి, ‘మా మధ్య ఏ తగాదా లేదు’ అని తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పటికి లక్షా ఎనభై వేలు ఖర్చయింది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. పోలీసు కేసు లేదు. ఇంక మేం చేసేదేమీ లేదా?*

ఉంది. కాకపోతే ఈ వారంలోనే కదలాలి.

ముందు ఆ కారాయన సంగతి. కారుకు థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి చేసే బీమా) ఉంటే పరిహారం కట్టాల్సింది బీమా కంపెనీ. మనిషికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ఆ పరిహారానికి గరిష్ఠ పరిమితి అంటూ లేదు. ఆయన ఏటేటా ప్రీమియం కట్టేదే ఇందుకోసం. ఆ ముక్క ఆయనకు తెలియక కేసంటే భయపడ్డాడు, మీరేమో మొహమాటపడ్డారు. మధ్యలో బాగుపడింది కంపెనీ. కారు నంబరు ఉంటే ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, ప్రమాదం రోజుకు బీమా అమల్లో ఉందో లేదో తెలుస్తుంది.

తెల్లకాగితం గురించి బెంగ వద్దు. ఆ సంతకంతో ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారాలు తేల్చే కోర్టు) తలుపులు మూసుకుపోవు. కానీ 40 వేలు ముట్టిన సంగతి దాచకండి. పిటిషన్‌లో మీరే రాయండి. మనం దాచి, అవతలి లాయరు బయటపెడితే మన మిగతా మాటలకు కూడా విలువ పోతుంది.

ఇప్పుడు ఎఫ్‌ఐఆర్. ప్రమాదం జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తే అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రెండు నెలలు ఎందుకు ఆలస్యమైందో అందులోనే చెప్పండి: ఆపరేషన్, మంచం మీద ఉండటం, కారాయన ఇచ్చిన మాట. ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టెయ్యకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి (నగరమైతే కమిషనర్‌కి) రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. డ్రైవర్ మీద క్రిమినల్ కేసు నడుస్తుంది, నిజమే. అది వేరు, మీ పరిహారం వేరు. క్రిమినల్ కేసులో అతను నిర్దోషిగా బయటపడ్డా మీ క్లెయిమ్ నిలబడొచ్చు. ఎందుకంటే ట్రిబ్యునల్‌లో అంత గట్టి రుజువు అక్కర్లేదు. ఎవరి మాట ఎక్కువ నమ్మేలా ఉంది అన్నదే చూస్తారు.

నేను చాలాకాలం బీమా కంపెనీల ప్యానెల్ లాయర్‌గా పనిచేశాను. ఇలాంటి క్లెయిములు కొట్టేయించడమే అప్పట్లో నా ఉద్యోగం. ఫైలు చేతికి రాగానే నేను మొదట వెతికింది ఎఫ్‌ఐఆర్ కాదు, ఆసుపత్రి కేసు షీటులో ‘హిస్టరీ’ అనే గడి. డ్యూటీ డాక్టరు ‘ఏమైంది?’ అని అడుగుతాడు, కంగారులో పక్కనున్నవాళ్లు ‘బండి మీద నుంచి పడ్డాడండీ’ అంటారు. ఆయన అదే రాసేస్తాడు. అందులో కారు మాట ఉండదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ‘తనంతట తానే పడ్డాడు, కారును తర్వాత ఇరికించారు’ అని వాదించేవాళ్లం. అందులోనూ ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైతే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి రేపు ఆసుపత్రికి వెళ్లి కేసు షీటు, మెడికో లీగల్ రిజిస్టరు (పోలీసు కేసయ్యే గాయాలను ఆసుపత్రి నమోదు చేసే పుస్తకం) నకలు, డిశ్చార్జ్ సమ్మరీ మూడూ తీసుకోండి. హిస్టరీలో కారు గుద్దిందని ఉంటే మీ కేసుకు అదే వెన్నెముక. లేకపోతే మీకు వేరే సాక్ష్యం కావాలి: చుట్టుపక్కల సీసీ కెమెరా (రెండు నెలల తర్వాత మిగిలి ఉండటం కష్టమే, అయినా అడగండి), చూసినవాళ్లు, ఆ రోజు తీసిన ఫొటోలు, కారాయన 40 వేలు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్. ‘తప్పు నాదే, నేను చూసుకుంటా’ అని ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఒక్కటి ఉన్నా చాలా పనికొస్తుంది. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి.

గడువు: 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా క్లెయిమ్ పిటిషన్ వెయ్యాలన్న నిబంధన వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అయితే ఆ వ్యాజ్యాలను నమ్ముకుని మీరు కూర్చోవద్దు. మీకింకా నాలుగు నెలలుంది. పిటిషన్ మీరు నివసించే చోటి మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లోనే వెయ్యొచ్చు, ప్రమాదం జరిగిన జిల్లాకు తిరగక్కర్లేదు.

ఇక డబ్బు. ఆసుపత్రి బిల్లులు వస్తే చాలని మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. లెక్క అక్కడితో ఆగదు. మీ తమ్ముడు నెలకు 15 వేలు సంపాదిస్తున్నాడనుకుందాం. నలభై ఏళ్ల లోపు వయసు, సొంతంగా చేసుకునే పని కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. 21 వేలు అయింది. ఏడాదికి 2,52,000. ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చించాలో వయసును బట్టి ఉంటుంది; అతని వయసుకు 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ గుణకం 18. అంటే 45,36,000. కాలు వల్ల అతని సంపాదన శక్తి 25 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ నమ్మితే 11,34,000. చికిత్స ఖర్చు, మంచాన ఉన్న నెలల జీతం, చూసుకున్న మనిషి ఖర్చు, ప్రయాణాలు, పడ్డ నొప్పి, రేపు రాడ్ తీసే ఆపరేషన్ వీటికి అదనం. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా అడగొచ్చు. ఆ 40 వేలు దీని ముందు ఎంత?

ఆ 25 శాతం ఊరికే రాదు. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో కాలికి ఇంత శాతం వైకల్యం అని రాస్తారు. అది మొత్తం శరీరానికి ఎంత, దానివల్ల ఈ మనిషి పనికి ఎంత దెబ్బ అన్నది వేరే ప్రశ్న. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి కాలు కాస్త బిగుసుకుంటే ఆదాయం పెద్దగా తగ్గదు. రోజంతా కిక్ కొట్టి, మెట్లెక్కి పార్సిళ్లిచ్చే కుర్రాడికి అదే కాలు బతుకుతెరువు. 2010లో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. కాబట్టి యాప్‌లో వారం వారం పడిన చెల్లింపులు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టండి. యాప్ ఖాతా మూసేస్తే ఆ వివరాలు దొరకవు. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తే బలం ఎక్కువ.

ఒక మాట, నా వృత్తివాళ్లు కోప్పడినా సరే. ‘ఫీజు వద్దు, వచ్చినదాంట్లో ఇంత శాతం’ అనే లాయర్లు ఆసుపత్రి వరండాల్లోనే తగులుతారు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అలా మాట్లాడుకోకూడదు. ఖాళీ చెక్కు, ఖాళీ స్టాంపు కాగితం అడిగితే లేచి వచ్చెయ్యండి. లాయరును పెట్టుకునే స్థోమత లేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

*మా వారు నడుపుతుంటే వెనక కూర్చున్నాను. కుక్క అడ్డొచ్చి బండి జారింది, నా భుజం ఎముక విరిగింది. మా బండి బీమా మీదే క్లెయిమ్ వెయ్యొచ్చు అంటున్నారు. అంటే మా ఆయన మీదే కేసు పెట్టినట్టా?*

కాగితం మీద అంతే. ఆయన ఒకటో ప్రతివాది, కంపెనీ రెండో ప్రతివాది. ఇంట్లో మాత్రం ఆ వరస పాటించకండి.

అసలు ప్రశ్న మీ పాలసీ ఏ రకం అన్నది. పైన ‘లయబిలిటీ ఓన్లీ’ (అంటే థర్డ్ పార్టీ బీమా మాత్రమే) అని ఉంటే వెనక కూర్చున్నవారికి అందులో రక్షణ లేదు. 2006లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ‘ప్యాకేజ్’ లేదా ‘కాంప్రిహెన్సివ్’ అయితే ఉంది, 2012 తీర్పు మీకు అనుకూలం. రెండో రకమైతే దారి రెండు విధాలు. మీ వారి నిర్లక్ష్యం వల్లే పడ్డామని నిరూపిస్తే పూర్తి పరిహారం అడగొచ్చు. కుక్క అడ్డొచ్చిందని మీరే రాస్తున్నారు కాబట్టి అది కొంచెం కష్టం. తప్పెవరిదో నిరూపించక్కర్లేని మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద అయితే తీవ్ర గాయానికి 2.5 లక్షలు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. ఆ డబ్బు తీసుకుంటే నిర్లక్ష్యం పేరుతో వేసిన పూర్తి పరిహారం పిటిషన్ రద్దయిపోతుంది. మీ విషయంలో నేనైతే ఆ 2.5 లక్షలే తీసుకోమంటాను.

*ముగ్గురం ఒకే బండి మీద ఉన్నాం, హెల్మెట్లు లేవు. వెనక నుంచి లారీ గుద్దింది. తప్పు మా దగ్గరా ఉంది కదా, ఏ ముఖంతో కేసు వెయ్యాలి?*

ఉన్న ముఖంతోనే. ముగ్గురు ఎక్కినందుకు, హెల్మెట్ లేనందుకు చలానా రాస్తారు, కట్టండి. వెనక నుంచి లారీ వచ్చి గుద్దడానికి మీరు ముగ్గురు ఉండటం కారణం కాదు. ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ సంబంధం ఉందని చూపిస్తేనే పరిహారం కొయ్యాలని 2020లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే చెప్పింది. అయితే మీలో ఒకరికి తలకు దెబ్బ తగిలిందని రాశారు. హెల్మెట్ ఉంటే అంత దెబ్బ తగిలేది కాదని కంపెనీ వాదిస్తుంది, కొంత కోత పడొచ్చు. అంతకుమించి భయపడక్కర్లేదు. లారీ డ్రైవర్‌కు లైసెన్సు లేదని తేలినా మీకు డబ్బు ఆగే అవకాశం తక్కువ. కంపెనీ ముందు మీకు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తుంటాయి.

*గుద్దిన బండి ఆగలేదు. నంబరు ఎవరూ చూడలేదు.*

హిట్ అండ్ రన్ పరిహారం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. ట్రిబ్యునల్‌కు కాదు, తహసీల్దారు లేదా ఆర్డీవో ఆఫీసులో అడగండి. పెద్ద మొత్తం కాదు, అయినా వదిలెయ్యకండి. ప్రమాదం కొత్తగా జరిగినవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: 2025 మే నుంచి ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు, లక్షన్నర వరకు నగదు రహిత చికిత్స పథకం ఉంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే అడగాలి.

*మా బావ రాత్రిపూట గుంతలో బండి పడి చనిపోయాడు. ఎదురుగా వేరే బండి లేదు కాబట్టి ఏమీ రాదని ఏజెంటు తేల్చేశాడు. అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. నిజంగా ఏమీ రాదా అమ్మా?*

ఏజెంటు మాట పక్కన పెట్టి బండి పాలసీ కాగితం తియ్యండి. ప్రీమియం లెక్కల పట్టికలో ‘పీఏ ఓనర్ డ్రైవర్’ (బండి నడిపే యజమానికి వ్యక్తిగత ప్రమాద బీమా) అనే వరస ఉంటుంది, చిన్న అక్షరాల్లో. దాని ఎదురుగా ఏదో ఒక మొత్తం పడి ఉంటే, బండి మీ బావ పేరు మీదే ఉండి, ఆయనకు చెల్లే లైసెన్సు ఉంటే, 15 లక్షలు. ఎదుటి బండి ఉండాలన్న షరతు ఇందులో లేదు, తప్పెవరిది అన్న ప్రశ్న రాదు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, లైసెన్సు, ఆర్సీ నకళ్లతో కంపెనీకి రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టండి. చేతికిచ్చి ఊరుకోకండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తిరస్కరించినా, నెల రోజుల్లో జవాబు రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరణ అందిన ఏడాదిలోగా వెళ్లాలి.

తర్వాత ఆయన బ్యాంకు పాస్‌బుక్ తెరవండి. ఏటా మే, జూన్ నెలల దగ్గర చూడండి. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. 436 కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి, ఇంకో 2 లక్షలు. చాలామంది ఖాతా తెరిచిన రోజు సంతకం పెట్టి మర్చిపోతారు, ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు. ఈ రెండూ పైన చెప్పిన 15 లక్షలకు అడ్డు కావు, విడివిడిగా వస్తాయి. క్లెయిమ్ ఫారం బ్యాంకు బ్రాంచిలోనే ఇస్తారు, ఈ వారమే వెళ్లండి. నామినీగా అక్క పేరు కాకుండా ఇంకెవరి పేరైనా ఉంటే, ఎవరిదో వివరంగా మళ్లీ రాయండి. వచ్చే నెల వరకు ఆపకుండా జవాబు పోస్టులో పంపిస్తాను.