మేలుకట్టులోని ‘మేలు’

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళిలో పీటల పైన నాలుగు మూలలా కట్టిన గుడ్డను పురోహితులు ‘మేలుకట్టు’ అన్నారు. మేము చాందినీ అంటాము, మా ఒడియా ఇరుగుపొరుగు చందువా అంటారు. వధూవరులకు మేలు కలగాలని కట్టేది కనుక ఆ పేరు వచ్చిందని మా బంధువులు చెబుతున్నారు. నిజమేనా? పందిరి కూడా ఇదేనా?
— ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మీ బంధువుల ఊహ ముచ్చటైనదే కాని, మాట పుట్టుక అది కాదు. ఇక్కడ ‘మేలు’ అంటే శుభం కాదు, ‘పైన’ అని అర్థం. తమిళులు పైభాగాన్ని నేటికీ ‘మేల్’ అనే అంటారు, ఈ గుడ్డకు వారి పాత పేరు ‘మేర్కట్టి’. పైన కట్టినది కనుక మేలుకట్టు. పైనున్నది గొప్పదనీ, గొప్పది మంచిదనీ భావం జరుగుతూ రాగా తెలుగులో మేలు అనే మాటకు మంచి అన్న అర్థమే స్థిరపడింది. ‘దానికన్నా ఇది మేలు’ అన్నప్పుడు మాత్రం ఒక మెట్టు పైన ఉన్నదనే పాత అర్థం ఇంకా వినిపిస్తుంది.

చాందినీ, చందువా రెండూ చంద్రుడి పేరుతో ఏర్పడినవి. సంస్కృతంలో ‘చంద్రాతపం’ అనే మాటకు వెన్నెల అనీ, మేలుకట్టు అనీ రెండర్థాలున్నాయి, హిందీ ‘చాందనీ’ కూడా అంతే. తలమీద పరచుకున్న తెల్లని గుడ్డను వెన్నెలతో పోల్చడమే దీనికి మూలమని నా అభిప్రాయం. పూరీ జిల్లా పిపిలిలో కుట్టే చందువా కింద నిలబడి తలెత్తి చూడండి: నడుమ రేకులు విప్పిన పద్మం, చుట్టూ చిలకలు, ఏనుగులు, అన్నీ రంగుగుడ్డలను కత్తిరించి అతికి కుట్టినవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, మీ ఊళ్ళో ఒకే గుడ్డకు ఇన్ని పేర్లు వినబడటంలో వింత లేదు. వాటిలో మేలుకట్టు ఇంకా పెళ్ళిపీటల దగ్గర పలుకుతున్నదని మీ లేఖలో చదివి ఎంతో సంతోషించాను.

పందిరి వేరు. అది రాటలు పాతి, పైన వాసాలు పరచి, ఆకో మట్టలో కప్పి నిలబెట్టేది. తమిళ ‘పందల్’ దీనికి తోబుట్టువు. మేలుకట్టు నేలను తాకదు. పాతకాలపు పందిరిమంచంలో ఈ రెండింటినీ ఒకేచోట చూడవచ్చు: నాలుగు కోళ్ళ మీద లేచిన చట్రం పందిరి, దానికి పైన బిగించిన గుడ్డ మేలుకట్టు.